మసాయి మారాలో టెంటు బస: నెల్లూరు, ఒంగోలు నుంచి వెళ్లేవాళ్లు ముందే సర్దుకోవాల్సినవి

అడవి జంతువులను చూడటానికి కెన్యాలోని మసాయి మారాకు వెళ్లి దిగే టెంటులో ఏసీ ఉండదు, టీవీ ఉండదు. స్నానానికి బకెట్టుతో వేడినీళ్లు తెచ్చి టెంటు వెనకున్న తొట్టిలో పోస్తారు. చుట్టూ కంచె ఉండదు కాబట్టి చీకటి పడ్డాక అడుగు బయట పెట్టాలంటే కాపలా మనిషి తోడు రావాలి. ఇలాంటి బసకు మనిషికి రాత్రికి 500 డాలర్ల నుంచి 1000 డాలర్ల పైదాకా అడుగుతారు. స్టార్ హోటలు లెక్కన ఊహించుకుని వెళ్లినవాళ్లు మొదటి రాత్రే డబ్బులు దండగ అనుకుంటారు. అక్కడ నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో, కరెంటు ఎంత ఉంటుందో, మురుగు ఎటు పోతుందో తెలుసుకుని, దానికి తగ్గట్టు ఇంటి దగ్గరే సర్దుకుని వెళ్లినవాళ్లకు మాత్రం ఆ నాలుగు రోజులూ పూర్తిగా దక్కుతాయి.

ముందు నేల చూడండి, తర్వాత టెంటు

కెన్యాలో మసాయి మారా అంటే నిజానికి రెండు రకాల నేల. ఒకటి నేషనల్ రిజర్వు, సుమారు 1500 చదరపు కిలోమీటర్లు. రెండోది దాన్ని ఆనుకుని ఉన్న, పశువులు మేపుకునే మసాయి తెగ కుటుంబాల సొంత భూములు. భూమి యజమానులంతా ఒక్కటై ఆ నేలను టెంట్ల బస నడిపే క్యాంపుల వాళ్లకు కౌలుకిస్తారు. ఎకరాల లెక్కన నెలనెలా కౌలు వస్తుంది. టూరిస్టులు వచ్చినా రాకపోయినా ఆ డబ్బు చెల్లించాలన్నదే ఒప్పందం. వీటిని కన్సర్వెన్సీలు అంటారు. 2010లో మొదలైన నబోయిషోలో 500 పైచిలుకు కుటుంబాల భూములున్నాయి. ఓలారె మోటోరోగి, మారా నార్త్, ఓల్ కిన్యెయి కూడా ఇలాంటివే.

మొదటిసారి వెళ్లేవాళ్లు కన్సర్వెన్సీలోనే దిగడం మంచిది. ఎందుకంటే అక్కడ టెంట్ల సంఖ్యకు హద్దు ఉంటుంది. ఓలారె మోటోరోగిలో 700 ఎకరాలకు ఒక టెంటు అన్నది నియమం. ఒక సింహం దగ్గర అయిదు బండ్లకు మించి ఆగకూడదు. ఆ క్యాంపుల్లో దిగినవాళ్ల బండ్లు తప్ప బయటి బండ్లు రావు. రాత్రి సఫారీ, గైడుతో కాలినడక, దారి వదిలి గడ్డిలోకి బండి తిప్పడం కన్సర్వెన్సీలోనే కుదురుతాయి. రిజర్వులో వీటికి అనుమతి లేదు. మీరిచ్చే డబ్బులో పెద్ద భాగం ఈ ఖాళీ నేలకే వెళుతుంది. నాలుగు రాత్రులుంటే ఒక పగలు మాత్రం రిజర్వులోకి వెళ్లి మారా నది చూసి రావచ్చు. ఆ ఒక్క రోజు టికెట్టు విడిగా కొనాలి. విదేశీ పెద్దలకు జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. టికెట్టు పనిచేసేది 12 గంటలే. ధరలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేటప్పుడు మరోసారి అడగండి.

ఇక పర్యావరణం మాట. "ఎకో" అన్న పదం బోర్డు మీద ఎవరైనా రాసుకోవచ్చు. కెన్యాలో ఎకోటూరిజం కెన్యా అనే సంస్థ క్యాంపులను పరిశీలించి కంచు, వెండి, బంగారు స్థాయిలు ఇస్తుంది. ముందు ఆ రేటింగు ఉందా అని చూడండి, అయితే దాంతో ఆగిపోవద్దు. ఈమెయిలులో సూటిగా నాలుగు ప్రశ్నలు వేయండి. కరెంటు మొత్తం సోలారేనా, జనరేటరు రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది? నీళ్లు బోరువా, నదివా, వాననీళ్లా? మరుగుదొడ్డి మురుగు ఎక్కడ శుద్ధి అవుతుంది? పనివాళ్లలో ఎంతమంది చుట్టుపక్కల పల్లెల వాళ్లు? సరిగా నడిపే క్యాంపు వీటికి లెక్కలతో జవాబిస్తుంది. "మేము ప్రకృతిని ప్రేమిస్తాం" అని మాత్రమే రాస్తే ఇంకో క్యాంపు చూసుకోవడం మేలు. టెంట్ల కింద సిమెంటు పునాది ఉందా, చెక్క దిమ్మెలా అని కూడా అడగండి. రేపు కౌలు ముగిసి క్యాంపు ఎత్తేస్తే నేల మళ్లీ గడ్డినేలగా మారాలి. సిమెంటు పోసినచోట అది కుదరదు.

ఏ సెలవుల్లో వెళ్లాలి

మన పిల్లలకు పెద్ద సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా. సరిగ్గా అదే మారాలో పెద్ద వానల కాలం. మార్చి నుంచి మే దాకా కురుస్తాయి. మారా నేలలో చాలా భాగం నల్లరేగడి. ఒంగోలు చుట్టుపక్కల శనగ, పొగాకు పండే చేలు వానకు ఎలా అవుతాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చక్రాలకు బంక పట్టి బండి దిగబడుతుంది, లాగడానికి వచ్చిన రెండో బండీ దిగబడుతుంది. కొన్ని క్యాంపులు ఏప్రిల్, మే నెలల్లో మూసేస్తారు. రేటు సగానికి తగ్గిందని ఎండాకాలం సెలవుల్లో బుక్ చేసుకోవద్దు.

దసరా సెలవులు చక్కగా కుదురుతాయి. పక్కదేశం టాంజానియాలోని సెరెంగెటి మైదానం నుంచి వైల్డ్‌బీస్టులు (ఎద్దులా కనిపించే పెద్ద జింకజాతి) జూలైలో మారాకు చేరి అక్టోబరు దాకా ఉంటాయి. మొత్తం పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్టులు, వాటితో లక్షల జీబ్రాలు ఏడాది పొడవునా గడ్డి కోసం ఇలా చుట్టూ తిరుగుతుంటాయి. నది దాటే దృశ్యం ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎక్కువ. దసరా నాటికి కొంత తగ్గినా పచ్చికలో మందలు ఇంకా ఉంటాయి.

రద్దీ వద్దనుకుంటే సంక్రాంతి సెలవులు ఇంకా బాగుంటాయి. చిన్న వానలు ముగిసి నేల పచ్చగా ఉంటుంది, బండ్లు తక్కువ, రిజర్వు టికెట్టు కూడా సగమే. వైల్డ్‌బీస్టుల పెద్ద మందలు ఆ నెలలో టాంజానియా వైపు ఉంటాయి గానీ, సింహాలు, చిరుతలు, ఏనుగులు ఎక్కడికీ పోవు. డబ్బు లెక్క చూసుకునే కుటుంబానికి ఇదే సరైన కాలం.

కాగితాలు, టీకా

పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు ఉండాలి. 2024 జనవరి నుంచి కెన్యాకు వీసా తీసేసి ఈటీఏ అనే ముందస్తు అనుమతి పెట్టారు. అది ఆన్‌లైన్లోనే దొరుకుతుంది. పాస్‌పోర్టు స్కాను, ఫొటో, రానూపోనూ టికెట్లు, బస బుకింగు కాగితం సిద్ధంగా పెట్టుకుని, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు దరఖాస్తు చేయండి. అచ్చం అలాగే కనిపించే దళారుల సైట్లు ఎక్కువ రుసుము లాగుతాయి. అసలు సైటు చిరునామా చివర కెన్యా ప్రభుత్వపు గో డాట్ కేఈ ఉంటుంది. అది లేకపోతే కార్డు నంబరు ఇవ్వొద్దు.

ఎక్కువమంది చిక్కుకునేది ఎల్లో ఫీవర్ టీకా దగ్గర. కెన్యా నుంచి తిరిగి వచ్చేవాళ్ల దగ్గర ఈ టీకా కార్డు ఉండాలని మన దేశం నియమం. కార్డు లేకపోతే ఇక్కడ దిగాక ఆరు రోజుల దాకా క్వారంటైన్లో పెట్టవచ్చు. టీకా వేసుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ప్రతి ఆసుపత్రిలోనూ వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే, అదీ కొన్ని రోజుల్లోనే వేస్తారు. సీసా ఒకసారి తెరిస్తే కొద్ది గంటల్లో వాడేయాలి కాబట్టి పదిమంది పేర్లు చేరేదాకా ఆపుతారు. మనకు అందుబాటులో ఉన్నవి చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. నెల్లూరు నుంచి గిండీ ఒక్కపూట ప్రయాణం. నెల రోజుల ముందే అపాయింట్‌మెంటు తీసుకోండి. కోడిగుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, 60 దాటినవాళ్లు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. ఇది బతికున్న వైరస్‌తో చేసే టీకా. అమ్మానాన్నలను తీసుకెళ్లే ఆలోచన ఉంటే టికెట్లు కొనకముందే ఈ సంగతి తేల్చుకోండి.

మలేరియా మాత్రలు కూడా డాక్టరే రాయాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక ఏడు రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక నాలుగు వారాలు. "దోమలు కనపడలేదు" అని మధ్యలో ఆపేయడమే ఇక్కడ జరిగే తప్పు.

15 కిలోల సంచి

చెన్నై నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా నైరోబీ వెళ్లొచ్చు. ముంబై నుంచైతే నేరుగా ఆరు గంటలు. పెద్ద విమానం దిగేది జోమో కెన్యాటా విమానాశ్రయంలో. మారాకు వెళ్లే చిన్న విమానం ఎగిరేది ఊరికి ఇంకోవైపున్న విల్సన్ విమానాశ్రయం నుంచి. మధ్యలో నైరోబీ ట్రాఫిక్. ఒకే రోజు రెండూ పట్టుకోవాలని చూడకండి. ఒక రాత్రి నైరోబీలో పడుకుని పొద్దున్నే బయల్దేరండి. విల్సన్ నుంచి ముప్పావు గంటలో మారాలోని మట్టి రన్‌వే మీద దిగుతారు. రోడ్డున వెళితే నరోక్ పట్టణం మీదుగా అయిదారు గంటలు.

ఆ చిన్న విమానంలో సామాను చేతిసంచితో కలిపి 15 కిలోలే. చక్రాల సూట్‌కేసు ఎక్కించరు. సామాను పెట్టే అర విమానం పొట్ట కింద ఉంటుంది, గట్టి పెట్టె అందులో పట్టదు. మెత్తటి గుడ్డ సంచి కావాలి. పెద్ద సూట్‌కేసు ఉంటే నైరోబీ హోటల్లో వదిలి తిరుగు ప్రయాణంలో తీసుకోండి. ఇంటి దగ్గరే కాటా మీద పెట్టి 13 కిలోలకు ఆపితే వచ్చేటప్పుడు పూసల గొలుసులకు చోటు ఉంటుంది.

బట్టల్లో అందరూ తప్పు చేసేది చలి దగ్గర. భూమధ్యరేఖ పక్కనే కదా, రోహిణి కార్తె ఎండ చూసినవాళ్లం మనకేం చలి అనుకుంటారు. మారా సముద్రమట్టానికి 1500 మీటర్లకు పైన ఉంది. జూలై, ఆగస్టు తెల్లవారుజామున 10, 12 డిగ్రీలు ఉంటుంది, పైగా పక్కలు తెరిచిన బండిలో గాలి ముఖానికి కొడుతుంది. ఉన్ని టోపీ, మఫ్లరు, గాలి చొరబడని జాకెట్టు ఒకటి, దాని లోపల స్వెట్టరు తప్పనిసరి. తొమ్మిదింటికి ఒక్కో పొర తీసేస్తూ వస్తారు, మధ్యాహ్నానికి పలుచని చొక్కా చాలు.

రంగు కూడా చూసుకోవాలి. నీలం, నలుపు రంగులకు సెట్సీ ఈగలు ఆకర్షితమవుతాయి, కుడితే నొప్పి గట్టిగానే ఉంటుంది. తెలుపు ఒక్కపూటకే దుమ్ము కొట్టుకుపోతుంది. గోధుమ, బూడిద, ఆకుపచ్చ రంగులు మేలు. సైనికుల దుస్తుల మచ్చల డిజైను మాత్రం వద్దు. హవాయి చెప్పులు టెంటు లోపలికే. బయట అంతా తుమ్మజాతి చెట్లు, ముల్లు చెప్పులోంచి దిగుతుంది. మూసి ఉన్న బూట్లు కావాలి. అత్తరు, మల్లెపూలు, వాసన నూనెలు బండి ఎక్కేటప్పుడు వద్దు, పురుగులు చేరతాయి.

ప్లగ్గు మూడు పలకల బ్రిటిష్ తరహాది, మన గుండ్రటి పిన్నులు దూరవు. 240 వోల్టులే కాబట్టి అడాప్టరు ఒక్కటి చాలు. బైనాక్యులర్లు మనిషికొకటి ఉండాలి, 8 ఇంటూ 42 సరిపోతుంది. కొత్తగా కొన్నవాళ్లు డిసెంబరులోనో జనవరిలోనో నేలపట్టుకో, పులికాట్ ఫ్లెమింగోల దగ్గరకో ఒక ఉదయం వెళ్లి కళ్లకు ఫోకస్ కుదుర్చుకోవడం నేర్చుకోండి. మారాలో మొదటిసారి చేతబట్టి తిప్పుకుంటుంటే ఎదురుగా ఉన్న జంతువు వెళ్లిపోతుంది.

పచ్చళ్లు, పాలిథీన్ కవర్లు

కెన్యాలో 2017 ఆగస్టు నుంచి పాలిథీన్ సంచులు నిషేధం. తయారు చేసినా, అమ్మినా, వాడినా నేరమే. 2020 జూన్ నుంచి నేషనల్ పార్కులు, అడవుల వంటి రక్షిత ప్రాంతాల్లో ఒకసారి వాడి పారేసే నీళ్లసీసాలు, స్ట్రాలు, ప్లాస్టిక్ కప్పులు కూడా నిషేధం. మన సర్దుడంతా కవర్లలోనే కదా: చెప్పులకొక కవరు, తడిబట్టలకొక కవరు, ఆవకాయ సీసాకు మూడు కవర్లు. ఇవన్నీ ఇంట్లోనే తీసేయాలి. చెప్పులకు, బట్టలకు పాత దిండు గలీబులు, గుడ్డసంచులు బాగా పనికొస్తాయి. విమానాశ్రయం దుకాణంలో ఇచ్చిన ప్లాస్టిక్ సంచి ఉంటే దిగే ముందే వదిలేయండి.

పచ్చడి తీసుకెళ్లాలంటే తిప్పి బిగించే మూత ఉన్న స్టీలు డబ్బాలో ముప్పాతిక వంతే నింపండి. మూత దగ్గర నూనె చేరితే పైన ఒత్తిడి తగ్గినప్పుడు కారుతుంది. దాన్ని పాత నూలుగుడ్డలో చుట్టి ఇంకో పెద్ద డబ్బాలో పెట్టండి. చేతిసంచిలో పచ్చడిని సెక్యూరిటీ వాళ్లు ఆపుతారు, చెక్-ఇన్ సామానులోనే వేయాలి. తాజా కాయగూరలు, కరివేపాకు, మామిడికాయలు, ఎండుచేపలు వద్దు. కందిపొడి, కారప్పొడి, చెక్కలు, ఫ్యాక్టరీ సీలున్న ప్యాకెట్లు ఇబ్బంది పెట్టవు.

క్యాంపు చేరగానే తినేవన్నీ, నెల్లూరు మలై కాజా పెట్టెతో సహా, వంటశాలలో ఇచ్చేయండి. టెంటులో ఒక్క బిస్కెట్టు ప్యాకెట్టు ఉన్నా కోతులు గుడ్డ చించుకుని వస్తాయి. ఎలుకలు వస్తాయి, వాటి వెంట పాములు వస్తాయి. ఈ నియమాన్ని చిన్నదిగా తీసుకోవద్దు. మనిషి తిండి రుచి మరిగిన బబూన్ కోతిని ఆ తర్వాత మామూలు దారిన పెట్టడం క్యాంపు వాళ్లకు చాలా కష్టం. మన నిర్లక్ష్యానికి అది బలవుతుంది.

భోజనం గురించి బుకింగు సమయంలోనే రాయండి. కెన్యాలో తరాలుగా గుజరాతీలు ఉన్నారు కాబట్టి చపాతీ, సమోసా, పప్పు అక్కడి వంటవాళ్లకు కొత్త కాదు. "వెజిటేరియన్" అని ఒక్కమాట రాస్తే గుడ్డు పెడతారు. గుడ్డు తినరా, గొడ్డుమాంసం తినరా, ఉల్లి వెల్లుల్లి తినరా విడివిడిగా చెప్పండి. రోజుకొక పూట అన్నం, పెరుగు అడిగితే ఏర్పాటు చేస్తారు. అక్కడి ఉగాలి మొక్కజొన్న పిండితో గట్టిగా చేసే ముద్ద. మన సంకటి తిన్న చేతికి అది వెంటనే అలవాటవుతుంది. సుకుమా అనే ఆకుకూర వేపుడుతో, పక్కన మన కారప్పొడి చిటికెడు వేసుకుని తిని చూడండి.

టెంటులో నీళ్లు, కరెంటు, మురుగు

బకెట్టు స్నానానికి పద్ధతి ఉంది. టెంటు వెనక గుడ్డతొట్టి తాడుతో పైకి కట్టి ఉంటుంది. మీరు చెప్పిన సమయానికి పనిమనిషి సుమారు 20 లీటర్ల వేడినీళ్లు పోసి బయటినుంచి పిలుస్తాడు. తాడు లాగి ఒళ్లు తడుపుకోండి, వెంటనే ఆపేయండి. సబ్బు రుద్దుకున్నాక మళ్లీ తెరవండి. ఇలా అయితే నీళ్లు మిగులుతాయి. ఇంటి షవరులాగా తెరిచి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో అయిపోయి, ఒంటి మీద సబ్బుతో చలిలో నిలబడాల్సి వస్తుంది. ఆడవాళ్లు తలస్నానం చేయాలంటే రెండు బకెట్లని ముందే చెప్పండి. మధ్యాహ్నం చేస్తే ఎండకు జుట్టు ఆరుతుంది. సాయంత్రం సఫారీ నుంచి వచ్చాక తలస్నానం పెట్టుకుంటే తడిజుట్టుతో రాత్రి వణకాలి.

సబ్బు, షాంపూ క్యాంపు ఇచ్చినవే వాడండి. ఆ నీళ్లు నేలలోకో, చిన్న మడుగులోకో పోతాయి, ఆ రాత్రికే ఏ జింకో వచ్చి తాగుతుంది. మరుగుదొడ్లో చేతి షవరు సాధారణంగా ఉండదు. ఒక చిన్న స్టీలు చెంబు సంచిలో వేసుకుంటే ఆ బాధ ఉండదు. తడి వైప్సు, శానిటరీ ప్యాడ్లు, డయాపర్లు మరుగుదొడ్లో వేయకూడదు. అక్కడి సెప్టిక్ తొట్టిలో మురుగును కుళ్లబెట్టేది బ్యాక్టీరియా. వైప్సు కరగక గొట్టం మూసుకుంటే బాగుచేసే మనిషి నరోక్ నుంచి రావాలి, టెంటు రెండు రోజులు ఖాళీ చేయాలి.

కరెంటు సోలార్ బ్యాటరీల నుంచి వస్తుంది. దీపాలకు, ఫోను చార్జింగుకు సరిపోతుంది. హెయిర్ డ్రయరు, ఇస్త్రీపెట్టె, నీళ్ల కెటిలు, కరెంటు కుక్కరు తీసుకెళ్లవద్దు. 1800 వాట్ల డ్రయరు ఒకటి 9 వాట్ల ఎల్ఈడీ దీపాలు 200 వెలిగించినంత లాగుతుంది. పెట్టగానే మీ టెంటే కాదు, వరసలో అన్ని టెంట్లూ చీకటవుతాయి. నిద్రలో ఊపిరి ఆడటానికి సీప్యాప్ యంత్రం వాడేవాళ్లు, ఇన్సులిన్‌కు ఫ్రిజ్ కావాల్సినవాళ్లు బుకింగు రోజే రాయాలి. వాళ్లకోసం బ్యాటరీ విడిగా సర్దుతారు, వంటశాల ఫ్రిజ్‌లో చోటిస్తారు.

టెంటులో అగరుబత్తి, దీపం, దోమల చుట్ట వెలిగించవద్దు. కాన్వాసు గుడ్డ అంటుకుంటే ఆర్పే సమయం ఉండదు. పొద్దున దీపం పెట్టుకునే అలవాటున్నవాళ్లు మేనేజరును అడిగితే చలిమంట వేసే రాళ్ల దగ్గర చోటు చూపిస్తారు.

బట్టలు చేత్తో ఉతికి ఎండలో ఆరేస్తారు, వానరోజైతే ఆరవు. చాలా క్యాంపుల్లో లోదుస్తులు ఉతకరు, అందుకు సబ్బుపొడి బాత్రూములో ఉంచుతారు. రాత్రి పరుపులో కాళ్ల దగ్గర వెచ్చగా మెత్తగా ఏదో తగిలితే భయపడకండి, అది మీ కోసం పెట్టిన వేడినీళ్ల సంచి. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

రాత్రి

టెంటు జిప్పు రెండు కొసలూ కిందికి లాగి, కొక్కెం ఉంటే తగిలించాలి. బయటికి వెళ్లేటప్పుడూ అంతే. పగలు పది నిమిషాలు తెరిచి ఉంచినా కోతి దూరి మాత్రల డబ్బా ఎత్తుకుపోతుంది. చీకటి పడ్డాక భోజనానికి వెళ్లాలన్నా టార్చి ఊపి, లేదా రేడియోలో చెప్పి కాపలా మనిషిని పిలవాలి. నీటిగుర్రాలు రాత్రి నది వదిలి గడ్డి మేయడానికి టెంట్ల మధ్యకు వస్తాయి. అవి శాంతంగా కనిపిస్తాయి గానీ, వాటికీ నీటికీ మధ్య మనిషి నిలబడితే ఊరుకోవు. టెంటు లోపల ఉన్నంతసేపు ఆ గుడ్డ వాటికి గోడే. సింహం గర్జన ఎనిమిది కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది కాబట్టి దగ్గరగా ఉన్నట్టే అనిపిస్తుంది. దుమ్ములగొండి అరుపు పైకి లేస్తూ మలుపు తిరుగుతుంది. మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టదు, రెండో రాత్రి నుంచి అదే జోల.

బండిలో

అయిదున్నరకు టీ తెచ్చి లేపుతారు, ఆరింటికి బండి కదులుతుంది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి మొదటి రెండు రోజులూ మీరే ముందు లేస్తారు, దాన్ని వాడుకోండి. పొద్దున సఫారీయే అసలైనది. "రేపు చూద్దాంలే" అని పడుకోవద్దు. నడుం నొప్పి ఉన్నవాళ్లు ముందు వరసలో కూర్చోవాలి, వెనక చక్రాల మీద కుదుపు ఎక్కువ. ముక్కుకు కట్టుకోవడానికి తువ్వాలు, కెమెరా మీద కప్పడానికి ఇంకో గుడ్డ ఉంచుకోండి. కెమెరా ఉంటే 100-400 మిల్లీమీటర్ల లెన్సు చాలు.

బండి ఆగినప్పుడు లేచి నిలబడకండి. సింహానికి బండి, అందులోని మనుషులు కలిసి ఒకే ఆకారం. ఆ ఆకారంలోంచి చెయ్యో తలో బయటికి వస్తే అది గుర్తుపడుతుంది. ఫోనులో పాటలు, కేకలు, చప్పట్లు వద్దు. దిగాల్సిన అవసరం పడితే గైడు చుట్టూ చూసి చూపించిన పొద వెనకకే వెళ్లాలి.

దోర్నాల నుంచి శ్రీశైలం దారిలో నల్లమల చూసినవాళ్లకు ఒక తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ అడవి జంతువును దాస్తుంది, ఇక్కడ గడ్డి మైదానం దూరం నుంచే చూపిస్తుంది. అందుకే గైడు ఆకాశంలో రాబందులను, జింకలన్నీ ఒకే వైపు తిరిగి నిలబడటాన్ని గమనిస్తాడు. మీరూ అదే చూడటం మొదలుపెడితే రెండో రోజుకే ముందుగా పసిగడతారు. పులి కోసం అడగవద్దు, ఆఫ్రికాలో పులులు లేవు. తెలుగులో చిరుత, చీతా అనే మాటలు కలిసిపోయి గందరగోళం అవుతుంది. కంటి నుంచి నోటి దాకా కన్నీటి చారల్లాంటి నల్లగీతలు, నిండు చుక్కలు ఉంటే చీతా. చుక్కలు పువ్వుల్లా గుంపులుగా ఉండి, చెట్టు కొమ్మ మీద ఉంటే చిరుత. స్వాహిలీలో చీతాను డూమా, చిరుతను చూయి, ఏనుగును టెంబో అంటారు. సింహం పేరు సింబా, మనకు మరిచిపోయే అవకాశమే లేదు.

నది దాటే చోట గైడును తొందరపెట్టవద్దు. బండ్లు ఒడ్డుకు అడ్డంగా చేరితే మంద బెదిరి వెనక్కి తిరుగుతుంది, లేదా ఏటవాలు గట్టు మీదినుంచి దూకి కాళ్లు విరుచుకుంటుంది. మూడు గంటలు ఎండలో ఎదురుచూసి ఏమీ జరగకపోవచ్చు. "దూరంగానే ఉందాం, పర్లేదు" అని మీరు ఒక్కమాట చెబితే గైడుకు ఎంతో బలం. టిప్పు పోతుందన్న భయంతోనే చాలామంది గైడ్లు నియమం తప్పుతారు.

మసాయి మనుషులతో

ఫొటో తీసే ముందు అడగండి. పల్లె చూడటానికి తలకు ఎంత, ఆ డబ్బు ఎవరికి చేరుతుంది అన్నది క్యాంపు మేనేజరు దగ్గర ముందే తేల్చుకోండి. పూసల పని చేసినావిడ చేతికే డబ్బివ్వండి. పిల్లలకు చాక్లెట్లు, పెన్నులు పంచవద్దు; బడి మాని బండ్ల వెంట పరుగెత్తడం అలవాటవుతుంది. మసాయిలకు పశువే సంపద, వాళ్ల పశువులకూ మూపురం ఉంటుంది. ఫోనులో ఒంగోలు గిత్త ఫొటో రెండు మూడు పెట్టుకుని వెళ్లండి. మన జాతే బ్రెజిల్ వెళ్లి నెలోరె అనే పేరుతో లక్షల మందలైందని చెప్పండి. ఎత్తు, మూపురం, గంగడోలు చూసి వాళ్లు అడిగే ప్రశ్నలతో సాయంత్రం చలిమంట దగ్గర మాట తెగదు. దారిలో దొరికిన ఈకలు, ఎముకలు, కొమ్ములు మాత్రం ముట్టుకుని అక్కడే వదిలేయండి, వెంట తెచ్చుకోవడం నేరం.

టిప్పు తప్పనిసరి కాదు గానీ ఆనవాయితీ. గైడుకు అతిథి లెక్కన రోజుకు 10 నుంచి 20 డాలర్లు, మిగతా పనివాళ్ల పెట్టెలో మరో 10 డాలర్ల వరకు వేస్తారు. కొత్త, మడత పడని నోట్లే తీసుకెళ్లండి. పాత సంవత్సరాలవి, చిరిగినవి అక్కడ తీసుకోరు. ట్రావెల్ ఏజెంటు ప్యాకేజీ మీద టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటే ఆ రసీదు దాచుకోండి, ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది.

బీమా తీసుకునేటప్పుడు విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందా అని చూడండి. నైరోబీ నుంచి ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ ఆ పని చేస్తారు, కొన్ని క్యాంపుల ధరలోనే ఈ సభ్యత్వం కలిసి ఉంటుంది. పిల్లల వయసు కూడా ముందే చెప్పాలి. అయిదారేళ్ల లోపు వాళ్లను ఇతరులతో కలిసి బండిలో ఎక్కించరు, విడిగా బండి మాట్లాడుకోవాలి. కాలినడకకు ఇంకా పెద్దవాళ్లై ఉండాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ కార్డు సూట్‌కేసులో కాదు, పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. సామాను రాకముందే అడుగుతారు. ఇంటికి చేరిన కొన్ని నెలల్లోపు జ్వరం వస్తే, నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా డాక్టరుకు మొదట చెప్పాల్సిన మాట ఆఫ్రికా వెళ్లొచ్చామని. ఆ రోజే మలేరియా పరీక్ష చేయించుకోండి.